అత్త వెంట నడిచిన అడవి

పొద్దున్నే అటవీశాఖ ఆఫీసు జీపెక్కి రేవు దగ్గర దిగడం, ఊరివాళ్లతో పాటు చాప మీద కూర్చోవడం, వాళ్ల మాట ఆఫీసుకీ ఆఫీసు మాట వాళ్లకీ చేరవేయడం, ఇదీ మేనకోడలి ఉద్యోగం. దాన్ని సమన్వయకర్త పని అంటారు. "రెండు వైపులా తిట్లు తినే పని అని తిన్నగా చెప్పుకోవచ్చుగా!" అని అత్త నవ్వేది.

తీరంలో మడ అడవిని మళ్లీ పెంచుదామని ఆఫీసు మొక్కలు తెచ్చిన రోజు, అందరికంటే ముందు బురదలోకి దిగి, దాదాపు అన్నీ తన చేత్తోనే నాటింది ఈ అత్తే. అడవి వస్తే పీతలొస్తాయి, పీతలే ఆవిడ బతుకు. మేనకోడలి చేత కూడా ఒక మొక్క నాటించింది. "చెప్పులిప్పవే! చేతికి బురదంటకపోతే అదెలా గుర్తుపడుతుంది నిన్ను?"

మొక్కలు బతికాయి. బతికి, మడ చెట్లన్నీ చేసే పనే చేశాయి. పోటు వచ్చినప్పుడల్లా వేళ్లెత్తి, నాటిన మనిషి వైపు ఓ అడుగేశాయి. ఆ తీరంలో అదేం వింత కాదు.

చిక్కల్లా హద్దు దగ్గరే వచ్చింది. నడిచే అడవికి మ్యాపు మీద గీతేమిటని ఊరు మొండికేసింది. మేనకోడలే ఉపాయం చెప్పింది. "గీత వద్దు. చెట్టు ఎక్కడ నిలిస్తే అదే రక్షిత ప్రాంతం. పీతలు మీరే పట్టుకోండి, పూచీ నాది." అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అత్త.

ఏడాది తిరక్కుండా పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. రక్షిత ప్రాంతంలో వేట లేదు, కాపురం అసలే లేదు. అప్పటికి చెట్లు అత్త పెరట్లో ఉన్నాయి. నోటీసు మేనకోడలే తెచ్చింది.

"పైవాళ్లతో పోట్లాడుతున్నాను అత్తా. అంతవరకూ కాస్త సర్దుకో."

అత్త గిన్నెలూ వలా సర్దుకుని ఐసు ఫ్యాక్టరీ వెనక గదిలోకి మారింది. చెట్లు వేళ్లనిండా బురద మోసుకుంటూ రోడ్డు దాటాయి, లారీలు ఆగి దారిచ్చాయి. పీతలు ఆవిడ గుమ్మంలోనే పాకేవి, ముట్టుకుంటే నేరం. "నీకు గదిస్తే అడవికీ ఇచ్చినట్టే ఉందమ్మా," అని గది అద్దెకిచ్చినాయన తలపట్టుకున్నాడు. వెనకే మళ్లీ నోటీసు.

"ఇంకెక్కడికి పొమ్మంటావే నన్ను? నువ్వే చెప్పు," అంది అత్త.

మా ఇంటికొచ్చెయ్ అన్న మాట నోటిదాకా వచ్చింది మేనకోడలికి. కొత్తగా కట్టుకున్న ఇల్లు, రంగుల వాసన కూడా ఇంకా పోలేదు. అత్త వస్తే అడవీ వస్తుంది. చేతిలోని నోటీసుని ఇంకోసారి మడతపెట్టింది.

అత్త అది చూసింది. "సర్లే, బెంగపడకు. మీ ఇంటికి రాను."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది మేనకోడలికి. అయినా రమ్మనలేదు.

కాలం చేసిన మామయ్య పాత పడవెక్కి అత్త లోతు నీళ్లలో లంగరేసుకుంది. చెట్లు తీరందాకా వెళ్లాయి. లోతులో వేరు దిగక, అక్కడే పడవ వైపు తిరిగి నిలబడిపోయాయి. అడవి కుదురుకుందని ఆఫీసు సంబరపడింది. ఊరివాళ్ల సహకారం భేష్ అని పెద్దసారు మెచ్చుకుని మేనకోడలికి పెద్ద కుర్చీ ఇచ్చాడు. ఆమె మంచినీళ్ల డబ్బా పంపిస్తే అత్త తీసుకుంటుంది. కబురు పంపిస్తే తీసుకోదు.

ఓ పొద్దున మేనకోడలు ఆఫీసుకని తలుపు తీసేసరికి గుమ్మంలో జానెడు మొక్క ఉంది. ఆకులనిండా దుమ్ము. పొట్టిది కదా పాపం, ఇన్నాళ్లూ నడిచీ నడిచీ ఇప్పటికి చేరింది. వంగి చూసింది. తను నాటిందే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వీధికి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. పట్టి లాగింది. వేళ్లు ఆమె వేలిని చుట్టుకున్నాయి, విడిపించుకుని చెత్తబుట్టలో పడేసింది.

జీపు వచ్చి ఆగింది. "చేతికి ఆ బురదేంటి మేడమ్?" అన్నాడు డ్రైవరు.

"గుమ్మంలో ఏదో పిచ్చిమొక్క మొలిచిందిలే," అంది మేనకోడలు. "పద, రేవుకి టైమవుతోంది."