నీళ్ళొచ్చిన రోజు తొడగాల్సిన జత

నేను ఒక కిర్రుచెప్పుల జతను. తొడుక్కుని నడిస్తే నాలుగిళ్ళ అవతలికి వినపడడానికి పుట్టినదాన్ని. అయినా పుట్టాక చాలా ఏళ్ళు ఒక్క కిర్రూ అనకుండా బతికాను. నన్ను నడిపించాల్సిన కాళ్ళు ఊరికి ఒక మాట ఇచ్చి ఉన్నాయి.

నన్ను కుట్టినవాడు నేరేడుగుంటపాలెం పల్లెలో ఉండే యలమంద. ఆ ఊరు పెద్దకాలువకు చిట్టచివర ఉంది. కాగితాల్లో ఆ పొలాలకు నీళ్ళున్నాయి. కాలువ కూడా ఉంది. అందులో జిల్లేడు మొలిచి, మేకలు దిగి మేసేవి. పై ఊళ్ళవాళ్ళు వరి కోసి, పెసలు చల్లుకునే వేళకు కూడా పల్లెవాళ్ళ మళ్ళు నెర్రెలిచ్చి ఆకాశం వంక చూస్తుండేవి.

కోదండపాణి అప్పుడు ఏ పార్టీవాడూ కాదు. పక్క ఊరి రైతుబిడ్డ. కాలువ వెంబడి మొదటినుంచి నడిచివచ్చి, ఎక్కడెవరు గండి కొట్టుకున్నారో కళ్ళారా చూసి, పల్లె నడుమ నిలబడి మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కాళ్ళ చెప్పులు విప్పి ఎండు కాలువలోకి విసిరేశాడు. చివరి మడికి నీళ్ళు పారేదాకా మళ్ళీ చెప్పు తొడగనన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. యలమంద మాత్రం కొట్టలేదు. చెప్పులు కుట్టేవాడి ఎదుట చెప్పులు పారేస్తే ఎక్కడో గుచ్చుకుంటుంది కదా.

“పారేస్తే పారేశావులే పాణయ్యా. తొడిగే రోజంటూ ఉందన్నావు గదా, ఆ రోజుకి జత ఉండొద్దా? నేను కుట్టి పెడతా.”

“అయితే కొలత తీసుకో.”

“ఇప్పుడు కాదయ్యా. ఒక ఏడు వట్టికాళ్ళతో నడువు. కాలు పరుచుకుంటది. అప్పుడు తీస్తా.”

ఆయన నడిచాడు. ఏడాది తిరిగాక వచ్చి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరి ఆరిన ఎద్దుతోలు మీద కాలు మోపాడు. ఆ తోలే నేను. యలమంద బొగ్గుతో చుట్టూ గీత గీశాడు. నాకు ఎరుకైన మొదటి మనిషి ఆ పాదమే. మడమ నిండా పగుళ్ళు, పగుళ్ళలో ఎర్రమట్టి, బొటనవేలి పక్కన విరిగి లోపలే ఉండిపోయిన తుమ్మముల్లు. అబద్ధం ఆడడం తెలియని పాదం. దానికోసం ఎన్నేళ్ళైనా కాచుకుని ఉండొచ్చనిపించింది.

నన్ను ఇంటి చూరుకు వేలాడదీశారు. నేల తాకనీయకూడదని కట్టుబాటు. ఎప్పుడు దింపాలో యలమంద అందరి ముందూ చెప్పాడు. ఆ ఊరి ఆఖరి మడి అతని చిన్నాన్న వరసైన చెంచయ్యది. నీళ్ళు ఆ మడి గట్టు తాకాలి, తాకాకే దింపాలి. ప్రతి ఉగాదికి యలమంద భార్య సువార్తమ్మ నన్ను ఆముదంతో తుడిచేది. ఆ రోజు కోదండపాణి తప్పకుండా వచ్చేవాడు. చూరు కింద నిలబడి తలెత్తి చూసి, “ఏం యలమందా, నా జత బాగుందా?” అని అడిగేవాడు. “అది బాగానే ఉంది, కాళ్ళే నలుగుతుండయ్యి,” అనేవాడు యలమంద.

లాకుల దగ్గర ధర్నా చేసిన ఏడు, లాఠీదెబ్బకు యలమంద కుడిచేతి మణికట్టు విరిగింది. అతికిందిగాని తోలు కుట్టే ఆరె పట్టడానికి పనికిరాలేదు. నా తరవాత అతను మరో జత కుట్టలేదు. ఆ ధర్నాలో కోదండపాణి కూడా దెబ్బలు తిని జైలుకు వెళ్ళాడు. అది నిజం. ఆయన మొదటినుంచీ దొంగ అని నేను చెప్పను. అట్లా అయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

జైలునుంచి వచ్చాక ఒక పార్టీవాళ్ళు కారులో వచ్చి ఆయనకు టిక్కెట్టు ఇచ్చారు. గోడలన్నిటి మీదా ఆయన వట్టికాళ్ళ బొమ్మలు వెలిశాయి. మొహం కన్నా పాదాలే పెద్దగా వేశారు. జనం ఆ పాదాలకు ఓట్లు గుద్దారు. గెలిచిన తరవాతి ఉగాదికి ఆయనే వచ్చాడు. ఆ మరుసటి ఏడు ఆయన మనిషి వచ్చాడు. తరవాత ఎవరూ రాలేదు. సువార్తమ్మ మాత్రం ఆముదం మానలేదు. యలమంద పోతూ పోతూ, “పాణయ్య వొస్తాడు. నా బదులు నువ్వు తొడుగు,” అని ఆమెతో చెప్పాడు.

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున ఊళ్ళో కేకలు లేచాయి. కాలువలో నీళ్ళు! జిల్లేళ్ళు మునిగిపోయాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమ తెచ్చి నీళ్ళలో చల్లారు. చూరునుంచి నాకూ నీళ్ళ చప్పుడు వినపడింది. కాసేపటికే కార్లు దిగాయి. కోదండపాణి వట్టికాళ్ళతో దిగాడు. వెనకే కెమెరాలు దిగాయి.

“దింపమ్మా, సభకి మంత్రిగారు వచ్చే వేళయింది,” అన్నాడొక కార్యకర్త.

చెంచయ్య అడ్డం వచ్చాడు. “ఇంకా నా మడి తాకలా. పిల్లకాలవలోకే ఎక్కలేదు. సాయంత్రందాకా ఆగితే ఏం పోద్ది?”

“ఎదురుగా నీళ్ళు కనపడతన్నా నమ్మవేందయ్యా పెద్దాయనా! ఇన్నేళ్ళు ఆ మడిసిని వట్టికాళ్ళతో తిప్పింది చాల్లేదా?” అని గుంపులోనుంచి ఊరివాళ్ళే గదిమారు.

సువార్తమ్మ చెంచయ్య మొహం చూసింది, జనాన్ని చూసింది. పండగనాడు తాను ఒక్కతే అడ్డు చెప్పడం ఎట్లా అనుకుందో ఏమో, పీట వేసుకుని నన్ను దింపింది. అక్కడే పల్లె మోసపోయింది.

ఆమె ఆయన కాలు చేతిలోకి తీసుకుని నాలో పెట్టింది. ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. మడమ సొరకాయలా నున్నగా ఉంది. పగుళ్ళు లేవు, ముల్లు లేదు. పరుచుకున్న పాదం మళ్ళీ ముడుచుకుని నాలో వదులుగా ఆడుతోంది. చీలమండ చుట్టూ మేజోళ్ళ పట్టీ నొక్కుకున్న గీత ఇంకా మాయనే లేదు. సువార్తమ్మ వేలు ఆ గీత మీద ఆగింది.

“కాలు తేటపడిందే పాణయ్యా,” అంది తల ఎత్తకుండా.

“అంతా మీ దయ,” అన్నాడాయన కెమెరాల వంక చూస్తూ.

కాలువ గట్టు మీద నడిచాడు. ఇన్నేళ్ళు దాచుకున్న కిర్రు అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. జనం ఈలలు వేశారు. నాకు మాత్రం గొంతు మూసుకుంటే బాగుండుననిపించింది. చెప్పుకు ఆ వీలు లేదు. ఎవరు తొక్కినా అరవాల్సిందే.

పల్లెవాళ్ళు ఆ సాయంత్రమే నారు పోశారు. రెండు పొద్దులు తిరక్కుండా కాలువ అడుగు కనిపించింది. పై ఊళ్ళ తూములన్నిటికీ సభ జరిగేదాకా షట్టర్లు దించి, సభ కాగానే ఎత్తేశారట. నారు మొలకలోనే మాడిపోయింది. చెంచయ్య మడి గట్టు చెమ్మ కూడా ఎరగదు.

నేను ఆ కారులోనే పట్నం వచ్చాను. కోదండపాణి ఇంటి హాల్లో, అద్దాల పెట్టెలో, ఎర్ర ముఖమల్ గుడ్డ మీద ఉన్నాను. కింద ‘దీక్షా పాదరక్షలు’ అని రాసిపెట్టారు. వచ్చినవాళ్ళకు ఆయన నా కథ చెబుతాడు. చెబుతూ ఉన్నప్పుడు బూట్లు తళతళలాడుతుంటాయి.

ఒకరోజు చెంచయ్యా, సువార్తమ్మా వచ్చారు. చెప్పులు గేటు బయటే వదిలి వచ్చారు.

“నీళ్ళు రాలేదు పాణయ్యా,” అన్నాడు చెంచయ్య.

“రాలేదంటే ఎట్టా? నా దీక్ష విడిపించింది మీరు. చెప్పులు తొడిగింది మీ చేతులు. రాష్ట్రమంతా చూసింది గదా!”

చెంచయ్య చెయ్యి అద్దాల పెట్టె వైపు లేచింది. సువార్తమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“తీసి ఇసరమాక మావా. తగిలితే ఆయనకి సానుభూతి, మనకి కేసు.” ఆయన వైపు తిరిగింది. “అయ్యా, ఇయ్యి నీళ్ళొచ్చిన రోజుకని నా మొగుడు కుట్టినయ్యి. ఆ రోజు ఇంకా రాలా. మాయి మాకియ్యి. చూరుకు కట్టుకుంటాం.”

ఆయన నవ్వాడు. “అవి ఇప్పుడు నీయీ కాదు, నాయీ కాదమ్మా. చరిత్ర.”

“చరిత్రకి కాళ్ళుంటయ్యా అయ్యా, తొడుక్కోడానికి?”

ఆమె కొంగులోనుంచి చిన్న ఆముదం సీసా తీసింది. పోనీ తుడిచి పోతానంది. అద్దం తెరవకూడదని పక్కనున్న మనిషి చెప్పాడు. సీసాను పెట్టె పక్కన పెట్టి వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. సాయంత్రం ఊడ్చేటప్పుడు దాన్ని ఎవరో తీసేశారు.

ఆముదం లేక నా తోలు బిగిసిపోతోంది. ఈ ఎండాకాలం మడమ ఆనే చోట సన్నగా విచ్చింది. ఇప్పుడు అటూ ఇటూ పాకుతోంది. ఆయన కాలి పగుళ్ళు ఎటు పోయాయా అని ఆ రోజునుంచీ ఆలోచిస్తున్నాను. ఎటూ పోలేదు. నా మీదికి వచ్చాయి.