హాజరీ దగ్గర పాట

తండ్రి రాసుకున్న పాటల పుస్తకం చేతిలో ఉంది, అందులో ఒక్క ముక్క చదవడం రాదు. అరుణకుమారికి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. బెంగాల్‌కు వలసొచ్చిన కుటుంబం; ఖిదిర్‌పూర్ బడిలో బెంగాలీ నేర్చుకుంది, హిందీ నేర్చుకుంది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకు అక్షరాలెందుకనుకుంది. మురిక్కాలవలు తీసే మనిషి ఏం రాస్తాడులే అని కూడా అనుకుంది. ఆయన బతికున్నన్నాళ్లూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడా పాటలే కావాల్సి వచ్చాయి. ఆమెతోపాటు వీధులూడ్చే ఇరవైమంది ఆడవాళ్లు చేతులకు గ్లౌజులడిగారు. ఇకమీదట ఏమీ అడగబోమని వాళ్లు ఒప్పుకున్నట్టు కాంట్రాక్టరు ఒక కాగితం తయారు చేయించాడు. మర్నాడు పొద్దున పేర్లు పిలిచే హాజరీలో దానిమీద వేలిముద్ర వేసినవాళ్లకే పని. వేయొద్దని అరుణ గడపగడపకీ తిరిగి గొంతు చించుకుంది. అందరూ తలలూపారు, ఒక్కరూ మాట ఇవ్వలేదు. వెనకటి సమ్మెలో మీ నాన్న పాట వింటే ఇంట్లో కూర్చోబుద్ధయ్యేది కాదని మాత్రం ఒకరిద్దరన్నారు.

అరుణ ఆ పుస్తకం పట్టుకుని, దగ్గర్లో అద్దెకుంటున్న హైదరాబాదు తెలుగు ఉద్యోగి సునీల్‌కుమార్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన పేజీలు తిప్పి, భావం గొప్పదేగానీ నడక కుంటుతోందనీ, వారం రోజులిస్తే సరిచేసి పత్రికకు పంపుతాననీ అన్నాడు.

“కుంటితే కుంటనీండి దాదా. ముందు సదవండి.”

ఆయన చదువుతుంటే ఆ తెలుగు మాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది. చివరి పాటలో ఆమెకు తెలిసిన పేరొకటి వచ్చింది.

మర్నాడు ఆమె వెళ్లేసరికే వరస కట్టేశారు. అందరికన్నా ముందు అప్పలకొండమ్మ. ఆమె మొగుడు బంగారయ్య ఆరేళ్ల కిందట మ్యాన్‌హోల్‌లోకి దిగి మళ్లీ పైకి రాలేదు. ఆమె అప్పటికే బొటనవేలికి సిరా అంటించుకుంది. అరుణ అక్కడే నిలబడి చదివింది.

“ఊరు కడగబోయి బంగారయ్య మునిగె,
ఊరు సెయ్యి కడుక్కొని కూడు తిన్నాది.
ఇయాల అడగని నోరు
రేపు ఎవులి కోసం ఏడుస్తాది?”

కాంట్రాక్టరు మనిషి తొందరపెట్టాడు. అప్పలకొండమ్మ కదల్లేదు.

“మా బంగారయ్య పేరు ఆ కాయితంలో ఉన్నాదేటి?”

“ఉన్నాది పిన్నీ. నాన్న రాసినాడు.”

“మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటే?”

అరుణ సిగ్గుతో తల దించుకుంది.

అప్పలకొండమ్మ ఆ పాట కాగితాన్ని ఆమె చేతిలోంచి లాక్కుంది. తనకు రాని ఆ అక్షరాల కింద సిరా వేలు గట్టిగా అద్ది, వెనక నిలబడ్డామెకు అందించింది.