కుడి బుగ్గ

ఆదివారం ప్రార్థన అయిపోయినా కెరుమ రాలేదు. ఇలా రాకపోవడం వరుసగా ఇది మూడో వారం.

కోనియో వసారాలో చాప పరిచి, చేతిలైటు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇంటి కింద సముద్రం పోటు మీదుంది. ఇంటిని మోసే గుంజలకు నీళ్ళు తగిలి చప్పుడవుతోంది. నీళ్ళ మీద ఇళ్ళను కలిపే చెక్కబాటకు అవతల లోవా వాళ్ళ వసారా మీద ఏడెనిమిది మంది చేరి వక్క నములుతున్నారు. గెల మధ్యలో ఉంది, సున్నం డబ్బా చేతులు మారుతోంది. ఎవరొచ్చినా ముందు ఒక పచ్చి వక్క చేతిలో పెడతారు, మాటలు ఆ తరవాతే.

రెండేళ్ళుగా కోనియో ఆ వసారా ఎక్కడం లేదు. ఎక్కితే ఎవరూ పొమ్మనరు. కానీ వక్క అందరి చేతుల్లోకీ వెళ్ళి ఆమె దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది. డాక్టరు వక్క మానెయ్యమన్న మనిషికి ఇవ్వాలో మానాలో తెలియక ఇచ్చేవాళ్ళ చెయ్యి గాల్లో ఉండిపోతుంది, దాంతో నడుస్తున్న మాట కూడా తెగిపోతుంది. ఆపరేషనయ్యాక కోనియో మాట ముద్దముద్దగా వస్తుంది. ఒకటికి రెండుసార్లు చెప్పించుకోవడం వాళ్ళకు మొహమాటం, చెప్పడం ఈమెకు కష్టం. అందుకని ఆమే మానేసింది.

ఆమె మాట ఒక్కసారికే అర్థమయ్యేది కెరుమకు మాత్రమే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే జబ్బు, నోటి క్యాన్సరు, ఒకే నెలలో ఆపరేషను. పట్నం ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. ఇద్దరికీ ఎడమ బుగ్గే కోశారు, ఇద్దరికీ రేడియేషను కరెంటు పెట్టారు. దవడలు బిగుసుకుపోకుండా పళ్ళ మధ్య ఐస్‌ఫ్రూట్ పుల్లలు దొంతరగా పెట్టుకుని నోరు సాగదీసుకోమని నర్సు మేవిస్ నేర్పితే, ఇద్దరూ పందెం వేసుకునేవాళ్ళు.

"తొమ్మిది పుల్లలా! నువ్వు మొసళ్ళ ఇంట్లో పుట్టాల్సిందే అక్కా," అనేది కెరుమ.

"నీకు ఆరు దాటడం లేదంటే, చిన్నప్పుడు మీ అమ్మ నీ నోరు కుట్టేసుంటుందే. మంచి పని చేసింది," అనేది కోనియో.

వారానికోసారి ఒకరి నోరు ఒకరు లైటు వేసి చూసుకోవాలని కూడా మేవిస్సే చెప్పింది. తెల్ల మచ్చగానీ ఎర్ర మచ్చగానీ కనిపించి రెండు వారాల్లో పోకపోతే పరుగెత్తుకు రమ్మంది. ఈ మూడు వారాల ముందు వరకూ, రెండేళ్ళలో ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. చూసుకున్నాక కొబ్బరిపాలలో మెత్తగా ఉడికిన అరటికాయ తినేవాళ్ళు. సాయంత్రం దాకా వాళ్ళ ముద్దమాటలు వాళ్ళవి.

మధ్యాహ్నం దాటాక కోనియో లైటు చేత్తో పట్టుకుని తనే బయల్దేరింది. కెరుమ ఇల్లు చెక్కబాట చివర, పది ఇళ్ళ అవతల. నిచ్చెన ఎక్కుతుండగానే నవ్వులు వినిపించాయి. కెరుమ వసారా మీద ఆమె వదిన బోయో, ఇంకా ముగ్గురు ఆడవాళ్ళు. మధ్యలో వక్కగెల. కెరుమ పెదాలు ఎర్రగా ఉన్నాయి.

బోయో అలవాటుగా ఒక వక్క తీసి, కోనియోను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మేం వెళ్తాంలే, మీరు మాట్లాడుకోండి," అని నలుగురూ లేచారు.

"చూశావా, నువ్వొస్తే అందరూ లేచిపోతారు," అంది కెరుమ.

"ఒసే, నీకు మతి పోయిందా? మళ్ళీ మొదలుపెట్టావా?"

"ఎడమవైపు పెట్టడం లేదక్కా. ఒట్టు. కుడివైపే."

"కుడివైపైతే?"

"ముప్పయ్యేళ్ళు సున్నం ఎడమ బుగ్గలోనే పెట్టాను. చెడింది ఆ బుగ్గ. డాక్టరు కోసింది ఆ బుగ్గ. కుడి బుగ్గ ఏం పాపం చేసింది? దానికి అసలు సున్నం రుచే తెలీదు. కొత్త పెళ్ళికూతురులాంటిది."

"పెళ్ళికూతుర్ని చూడనీ. నోరు తెరువు."

"మా వదిన రెండేళ్ళ తరవాత నన్ను పేరు పెట్టి పిలిచింది అక్కా." కెరుమ గొంతు తగ్గింది. "పక్కన కూర్చోబెట్టుకుంది. కూతురి కాపురం సంగతంతా చెప్పుకుంది. ఒక్క వక్కకి. నీకు అక్కర్లేదా అది?"

కోనియో లైటు వెలిగించింది. అక్కర్లేదని అనడానికి నోరు రాలేదు.

"తెరువు," అంది చివరికి.

కెరుమ తెరిచింది. లోపల కుడి బుగ్గ మీద, సున్నం పెట్టుకునే చోట, చిటికెన గోరంత తెల్ల మచ్చ ఉంది. అంచు ఎర్రగా, గరుకుగా ఉంది. కోనియోకు తన మచ్చ గుర్తొచ్చింది. అది కూడా ఇంతే ఉండగా సున్నం కాల్చిందిలే అనుకుని ఎనిమిది నెలలు ఊరుకుంది.

"ఎన్నాళ్ళయింది?"

"సున్నం కాల్చింది అంతే. తగ్గిపోతుంది."

"రేపు పోదాం పద ఆసుపత్రికి."

కెరుమ నోరు మూసుకుంది. "మళ్ళీ ఆ బల్ల మీద పడుకోను. మళ్ళీ ముక్కులో గొట్టం పెట్టించుకోను. మేవిస్‌కి ఒక్క మాట చెప్పావంటే, నువ్వు నా నిచ్చెన ఎక్కద్దు, నేను నీ నిచ్చెన ఎక్కను. దేవుడి మీద ఒట్టు."

బుధవారం ఇద్దరూ పరీక్షకు వెళ్ళాల్సిన రోజు. ఒళ్ళు వెచ్చగా ఉందని కెరుమ కబురు పంపింది. కోనియో ఒక్కతే బస్సెక్కింది.

మేవిస్ ఆమె నోరు చూసి, "బాగుంది పెద్దమ్మా, బంగారంలా ఉంది," అంది. తరవాత ఫలితాల పుస్తకం తీసింది. రెండేళ్ళ కిందట, వీళ్ళిద్దరితో కలిపి, ఆ నెలలో ఆపరేషను అయినవాళ్ళవి పదకొండు పేర్లు. తొమ్మిది పేర్ల పక్కన చనిపోయిన తేదీలున్నాయి. కొందరు ఆలస్యంగా వచ్చినవాళ్ళు, కొందరు కరెంటు సగంలో మానేసి ఊరికి పోయినవాళ్ళు, కొందరికి జబ్బు తిరగబెట్టింది.

"మీ ఊరివాళ్ళు ఇద్దరే మిగిలారు. మిమ్మల్ని చూపించే నేను కొత్తవాళ్ళకి ధైర్యం చెప్తుంటాను. మీ స్నేహితురాలు రాలేదేం? బాగుందా?"

పెన్ను కొస కెరుమ పేరు పక్కన ఆనించి ఉంది. బాగుందంటే చాలు, అదే రాస్తుంది. రాత్రికల్లా కెరుమకు ఆ సంగతి తెలుస్తుంది. వచ్చే ఆదివారం చాప మీదికొచ్చి కూర్చుంటుంది. ఇంకెన్ని ఆదివారాలు? మేవిస్ తలెత్తి చూసింది.

"కుడి బుగ్గలో మచ్చ ఉంది," అంది కోనియో.

మేవిస్‌కు అర్థం కాలేదు. "ఏంటి పెద్దమ్మా? మళ్ళీ చెప్పండి."

ఆ మాట రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. అయినా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి బండి ఊరి మొదట్లో ఆగింది. మేవిస్ చెక్కబాట మీద చివరిదాకా నడిచివెళ్ళింది. అరగంట మాట్లాడింది. వసారాల మీద నములుతున్నవాళ్ళంతా నమలడం ఆపి చూశారు. కెరుమ గుడ్డలమూట చంకన పెట్టుకుని వచ్చింది. కోనియో ఇంటి ముందు ఒక్క క్షణం ఆగింది.

"నీకు తోడు లేక, నా తోడు కూడా చెడగొట్టావు," అంది. ఆ మాట ఊళ్ళో ఎవరికీ అర్థమై ఉండదు. కోనియోకు అర్థమైంది.

మచ్చ చిన్న కోతతో పోయింది. గొట్టం పెట్టలేదు, కరెంటు అక్కర్లేదన్నారు. మూడు వారాలకు కెరుమ ఇంటికొచ్చింది. కోనియో గుమ్మడికాయ గంజి కాచి, నిచ్చెన ఎక్కకుండా కింద నిలబడి పిలిచింది. బోయో దిగివచ్చింది.

"తినదట అక్కా. తీసుకుపొమ్మంటోంది."

"నువ్వు తిను మరి."

"నన్నూ దగ్గరికి రావద్దంది. వక్క తెచ్చి నేనే చెడగొట్టానని మేవిస్ తిట్టిందిగా. నాకూ మొహం చెల్లడం లేదు." బోయో గంజి గిన్నె వంక చూసింది గానీ అందుకోలేదు.

ఆ సాయంత్రం కోనియో తన వసారా మీద నుంచి చూస్తే, చెక్కబాట చివర కెరుమ సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. చుట్టూ ఎవరూ లేరు. మధ్యనున్న ఇళ్ళ వసారాల్లో మాత్రం గెలలు తిరుగుతున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆదివారం వచ్చింది. ఇంకొకటి వచ్చింది. కోనియో చాప పరవడం మానేసింది.

తరవాతి బుధవారం ఆసుపత్రిలో ఆమె పక్క బెంచీ ఖాళీగా ఉంది.

"ఆవిడ గురువారానికి మార్చుకుంది పెద్దమ్మా," అంది మేవిస్. "చాలా బాగుంది. కోసిన అంచుల్లో జబ్బు ఆనవాలే లేదు. ఇంకో ఆర్నెల్లు ఆలస్యమయ్యుంటే చెప్పలేకపోయేవాళ్ళం. ఈ ఏడాది మాకొచ్చిన మంచి ఫలితాల్లో అదొకటి."

"నన్ను కూడా గురువారానికి మార్చమ్మా."

మేవిస్ పుస్తకంలో కాగితాలు సర్దింది. "మీరు అడుగుతారని ఆవిడే చెప్పింది. మార్చద్దంది."

"వక్క ముడుతోందా?"

"లేదు. పూర్తిగా మానేసింది."

"అయితే ఎవరితో మాట్లాడుతుంది?"

మేవిస్ లైటు వెలిగించి దగ్గరకు జరిగింది.

"నోరు తెరవండి పెద్దమ్మా. ఇంకా పెద్దగా. ఆ, అలాగే ఉంచండి."

కోనియో నోరు తెరిచింది. వెలుగు ముందు ఎడమ బుగ్గ మీద, తరవాత కుడి బుగ్గ మీద తిరిగింది. చాలాసేపు ఆమె అలాగే నోరు తెరుచుకుని కూర్చుంది.