విడి కాగితం

రెండు పుస్తకాలనూ వెనక్కి వంచి, వెన్ను దగ్గర బొటనవేలితో నొక్కి చూసింది సెల్లత్తాయి. విరుదునగర్ బస్టాండు పక్కన పాత పత్రికల కొట్టు. రెండూ ఇంగ్లీషే, రెండింటి అట్టల మీదా మరబొమ్మ బండే. అట్టమీద బండి ఉండాలని పొద్దున కోవిల్‌పట్టిలో మొగుడు ఆండి చెప్పి పంపాడు. ఏ బండి? ఆమెకు బుర్ర పనిచేయలేదు. కొట్టువాడు విసుక్కున్నాడు.

కరెంటు స్తంభం మీంచి పడి నడుము చచ్చినవాడు ఆండి. ఆమె పనికి పోయాక గుక్కెడు నీళ్ళకు పక్కింటివాళ్ళను కేకేయాలి. అభిమానం గల మనిషి, కేకేయడు, నాలుక పిడచగట్టుకుపోయినా సరే. అందుకే మంచం దగ్గరికి నీళ్ళు మోసుకొచ్చే బండి చేస్తానని బొమ్మ చక్రాలూ చిన్న మోటారూ బిగించి పెట్టుకున్నాడు. ఇక తీగలు కలపడమే తరువాయి, అదెలాగో ఆ పుస్తకంలో ఉందట.

సెల్లత్తాయికి చదవడం రాదు గానీ పుస్తకం చూడటం వచ్చు. ఇరవై రెండేళ్ళుగా అచ్చాఫీసులో బైండింగు పని, జిగురుకు వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఒకదాని నడుమ పెద్ద కాగితం మడతపెట్టి ఊరికే వదిలేసి ఉంది. పిన్ను పడలేదు. అలాంటిది తన బల్ల దాటితే మేస్త్రీ మొహాన విసిరేవాడు. రెండోది కొని ధీమాగా బస్సెక్కింది.

ఆండి పుస్తకం ఆసాంతం తిరగేశాడు.

“వయర్లు గీసిన పటం లేదే?”

“ఇంకోదాంట్లో యేమో కాగితం వూడిపోయుండె మామా. వొద్దంటిని.”

“అది వూడలే పిల్లా. పరిచి చూసేదానికే యిడిగా పెట్టినారు.” దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆమెకు సిగ్గేసింది. “రేపు మార్చుకొనొస్తా.”

మర్నాడు సాయంత్రం సరైనదాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేసరికి వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. మధ్యాహ్నమే గుండె ఆగిందని పక్కింటి వసంతి చెప్పింది. సెల్లత్తాయికి ఏమీ అర్థం కాలేదు.

“నీళ్ళు తాగెనా?” అని అడిగింది.



కర్మలన్నీ అయ్యాక ఆ కాగితాన్ని ఖాళీ మంచం మీద పరిచింది. అలవాటుకొద్దీ సూదీ దారం చేతికొచ్చాయి. కుట్టలేదు. తలుపు దగ్గరికి వేసి పనికి పోయింది.

ఎగిరిపోకుండా కాగితం మీద చక్రాల బండి ఉంది, పైన సరిగ్గా ఒక గ్లాసు పట్టేంత చోటుతో.