పలచటి కూరకు జవాబు

మా తమ్ముడు శ్రీనుకి సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో అందరికంటే హుషారుగా ఉన్నది మా నాయనమ్మ కమ్లి. ఎనభై దాటి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మేం కిరాయికుండే ఇంటి వరండాలో కూర్చుని, వచ్చిన ప్రతి ఫోటోనూ కళ్లకు ఆనించుకుని చూసి పక్కన పడేసేది. టీచరమ్మాయి ఫోటో వస్తే మెడ పొడుగంది. నర్సు ఫోటో వస్తే నుదురు వెడల్పంది. ఇంకో పిల్లకు ఏ వంకా దొరక్క, "నవ్వు ఎక్కువున్నది," అని తీసిపారేసింది. నేను కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతాను. రోజంతా పిల్లల మీద అరిచి ఇంటికొచ్చి ఈ నుదుళ్ల పంచాయితీ వింటుంటే నాకు ఒళ్లు మండేది.

"అసలు నీకు ఎసుంటి పిల్ల గావాలె, నాయనమ్మా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"జూలూరుపాడు దిక్కు చూడుండ్రి. ఆ దిక్కు పిల్లలు మంచిగుంటరు," అంది తాపీగా.

మనవడి పెళ్లి మీద వాళ్లమ్మకు ఇంత శ్రద్ధ ఉందని మా నాన్న బిచ్యా మురిసిపోయాడు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. సెలవు పెట్టి మరీ జూలూరుపాడు దిక్కు తండాలన్నీ తిరిగి సోనిని వెతికి పట్టుకొచ్చాడు. అమ్మాయి డిగ్రీ చదివింది, తండ్రికి కొత్తగూడెం బొగ్గు గనిలో ఉద్యోగం. నాయనమ్మ ఈసారి ఫోటో కూడా చూడలేదు. "ఖాయం చెయ్యుండ్రి," అంది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. సోని ధ్వాలికి మనవరాలు.

ధ్వాలి ఎవరో చెప్పాలంటే ముందు మా పెళ్లిళ్ల గురించి చెప్పాలి. మా లంబాడీ పెళ్లిళ్లలో ఒక వైపు ఆడవాళ్లు రెండో వైపు వాళ్లను పాట కట్టి తిడతారు. రెండో వైపు వాళ్లు పాటలోనే తిరిగి తిట్టాలి. కోపాలు ఉండకూడదు. కానీ ఎవరి నోరు ముందు ఆగిపోతే వాళ్లు ఓడినట్టే, ఆ కబురు తండాలన్నీ తిరిగి వస్తుంది. మా వైపు ఈ విద్యలో పెద్దదిక్కు మా నాయనమ్మ, జూలూరుపాడు వైపు ధ్వాలి. పడుచు వయసు నుంచి ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిట్టుకుంటున్నారు. పళ్లు ఊడిపోయినా, నడుములు వంగిపోయినా మానలేదు. వీళ్లు వస్తామంటేనే ముహూర్తం పెట్టుకునేవాళ్లున్నారు. జీపు పంపించి, ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళతారు.

ఒకసారి రేడియో వాళ్లు పిలిస్తే నాయనమ్మ వెళ్లి పాడకుండానే తిరిగొచ్చింది. "అద్దాల రూముల ఒక్కదాన్నే కూసోబెట్టి పాడుమన్నరు. ఎదురుంగ మనిషి లేకుండ ఎవల్ని తిట్టాలె?" అంది.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట మా చిన్నాన్న కూతురి పెళ్లిలో ఓడిపోయింది. తప్పంతా మా నాన్నది. వంటల పెత్తనం నెత్తిన వేసుకున్నాడు. అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చేసరికి ఎవరికీ చెప్పకుండా మటన్ కూరలో బిందెల కొద్దీ నీళ్లు కుమ్మరించాడు. భోజనాలయ్యాక, పెళ్లికొడుకు వైపున కూర్చున్న ధ్వాలి లేచి, చేతి గాజులు ఒకసారి ఆడించి పాట ఎత్తుకుంది. పాట మా భాషలోనిది, తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"కమ్లీ, మీ కూర ఎంత తేటగా ఉందే,
అందులో మొహం చూసుకుని మా ఆడాళ్లు బొట్టు పెట్టుకున్నారే.
మేక మాత్రం ఎవరికీ కనబడలేదే,
ఏ వాగులో ఈదుకుంటూ పోయిందే?"

మా వైపు వాళ్లు కూడా పొట్టలు పట్టుకుని నవ్వారు. నాయనమ్మ నోరు తెరిచింది, మూసింది. తిట్టు అబద్ధమైతే ఎన్ని జవాబులైనా చెప్పొచ్చు. కళ్ల ముందు గిన్నెలో నిజం తేలుతుంటే ఏం చెబుతుంది? ఇంటికొచ్చాక మా నాన్న ముఖం చూడలేదు చాలా రోజులు. ఆయన పలకరిస్తే గోడతో మాట్లాడేది.

ఆ తర్వాత ధ్వాలి, నాయనమ్మ ఏ పెళ్లిలోనూ ఎదురుపడలేదు. ఎదురుపడాలంటే మా వైపుకూ జూలూరుపాడు వైపుకూ మళ్లీ చుట్టరికం కలవాలి. అందుకని ఈ మహాతల్లి చుట్టరికమే కలిపేసింది.

"ఈ సంబంధం శ్రీనుగాని కోసమా, ధ్వాలి కోసమా?" అని నిలదీశాను.

"రెండు పనులు ఒక్క ఖర్చుల అయితయి, నీకేంది?" అంది. వెంటనే గొంతు తగ్గించింది. "జవాబు దొరికింది, భానూ. ఏడాది సంది నోట్లనే పెట్టుకొని తిరుగుతున్న. నేను ముందు పోతే ధ్వాలి గెలిచినట్టే ఉండిపోతది. ఆమె ముందు పోతే ఈ పాట ఎవలకు చెప్పాలె?"

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అంతవరకూ ఇది ముసలామె చాదస్తం అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను ఆమె పార్టీలో చేరిపోయాను.

పెళ్లి దగ్గర పడేకొద్దీ నాయనమ్మ డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని చప్పట్లు చరుస్తూ సాధన చేసింది. ఇంటి ఓనరు ఇమాంబీ ఆంటీ మిరపకాయలు ఎండబెట్టడానికి పైకొచ్చి, కొంగు నెత్తి మీదికి లాక్కుని భక్తిగా నిలబడి వినేది.

"దాదీ ఏం పాడుతున్నది, బేటీ? పూజనా?" అని నన్నడిగింది.

"అవ్ ఆంటీ, పూజనే," అన్నాను. ఇంకేం చెప్పను?

రెండువేల ఏడు, మే నెల. కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్ల పక్కన కమ్యూనిటీ హాల్లో పెళ్లి. కూలర్లు ఎంత మొత్తుకున్నా గాలి రావడం లేదు. నాయనమ్మ పెట్టెలోంచి అద్దాల రవిక, గాగ్రా తీసి కట్టుకుని, ముంజేతుల నిండా గాజులు వేసుకుని కొత్త పెళ్లికూతురి కంటే ఎక్కువ మెరిసింది. ధ్వాలిని ఇద్దరు మనవలు చెరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. రెండేళ్లలో మనిషి పిడికెడైపోయింది. కానీ కూర్చోగానే ఆమె తీసిన మొదటి రాగానికి బ్యాండు వాళ్లు సన్నాయి దించి చూశారు.

నాయనమ్మ ఆగలేకపోయింది. ధ్వాలి ఊపిరి పీల్చుకునే సందులో దూరింది:

"మేక ఏ వాగులో పోయిందని అడిగావు కదే ధ్వాలీ,
ఇంటికి పోయి నీ కొంగు ముడి విప్పి చూసుకోవే.
ముక్కలన్నీ మూట కట్టావే,
మీ కుక్క వారం పాటు మా తండా దిక్కు తిరిగి దండం పెట్టిందే."

హాలు పగిలిపోయేలా నవ్వారు. మా నాన్న ఆనందం పట్టలేక పక్కనున్న వియ్యంకుడిని కౌగిలించుకున్నాడు. రెండేళ్ల పరువు తిరిగొచ్చింది. అందరం ధ్వాలి వైపు తిరిగాం.

ధ్వాలి చిరునవ్వు నవ్వుతోంది. సంచిలోంచి తమలపాకు తీసి నాయనమ్మకు అందించి, "మంచిగున్నవా, కమ్లీ?" అంది. అని, అసలేమీ జరగనట్టు, మా శ్రీను ముక్కు మీద ఇంకో కొత్త పాట మొదలుపెట్టింది. నాయనమ్మ మళ్లీ పాడింది. ఈసారి ధ్వాలి ఆమె పాట మధ్యలోనే తన పాట పాడేసింది.

నేను పెళ్లికూతురి పక్కన చేరి, "మీ నానమ్మ ఏంది గట్ల చేస్తున్నది?" అని గొణిగాను.

సోని తల దించుకునే చెప్పింది. "పోయిన ఎండాకాలం సంది చెవులు వినవడుతలేవు, వదినా. మిషిన్ తెచ్చి పెడితే తీసి బియ్యం డబ్బాల ఏసింది. ఎవలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. తెలిస్తే పాటకు పిలువరని భయం."

ఈ మాట నాయనమ్మకు చెప్పడం నా వల్ల కాలేదు. కానీ ఆమెకు చెప్పే పని లేకపోయింది, కనిపెట్టేసింది. ధ్వాలి చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చూసింది. కమ్లి తనను దీవిస్తోందనుకుని ధ్వాలి తల వంచింది. నాయనమ్మ ఒక మూలకు పోయి కుర్చీలో కూలబడింది. ఆ రోజు అమ్మాయి వాళ్ల మటన్ కూర గరిట నిలబడేంత చిక్కగా ఉంది. ఒక్క ముద్ద ముట్టలేదు. లోకంలోకెల్లా గొప్ప తిట్టు నోట్లో పెట్టుకుని, వినాల్సిన మనిషి ఎదురుగా ఉండి కూడా చెప్పలేకపోవడం ఎంత కష్టమో ఆ ముఖం చూస్తే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అప్పగింతలు. మా లంబాడీల్లో ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, తలకు తల ఆనించి, రాగం తీసి ఏడుస్తుంది. దాన్ని ఢావలో అంటాం. చాలా కాలానికి కలుసుకున్న ఆడవాళ్లు కూడా అలాగే ఏడుస్తారు. సోని అందరి దగ్గరా ఏడ్చి, చివరికి ధ్వాలి తలకు తల ఆనించింది. "నానమ్మా, నా దుప్పటి ఎవరు కప్పుకుంటారు," అని రాగం తీసింది. ధ్వాలి వెంటనే అదే రాగంలో, "నేను కప్పుకుంటానే బిడ్డా, ఉతక్కుండా కప్పుకుంటానే," అని బదులిచ్చింది.

నాయనమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచింది. చెవికి అందని మాట తలకు తల తగిలితే అందుతోందని నాకంటే ముందు ఆమె పసిగట్టింది. పుర్రె ఎముక గుండా కూడా శబ్దం పోతుందని జువాలజీ పాఠాలు చెప్పేది నేను, చూస్తూ నిలబడ్డదీ నేనే. సోని తల ఎత్తిందో లేదో, నాయనమ్మ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పోయి ధ్వాలిని కావలించుకుంది. గట్టిగా తలకు తల నొక్కిపెట్టి, గుండెలు పిండే ఏడుపు రాగంలో అందుకుంది:

"కొంగు ముడి విప్పి చూసుకోవే, ధ్వాలీ..."

మా భాష రాని వాళ్లు కరిగి నీరైపోయారు. ఇమాంబీ ఆంటీ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "పాపం, ఎంత దోస్తీ," అంది. మా కాలేజీ ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసేశాడు. వీడియో అతను లైటు పట్టుకుని ఇద్దరి ముఖాల మీదికి వచ్చేశాడు. "మీ కుక్క దండం పెట్టిందే," అని నాయనమ్మ గొంతు వణికించి దీర్ఘం తీస్తే మా నాన్న ఆఫీసు వాళ్లంతా వెక్కివెక్కి ఏడ్చారు. మా తండా వాళ్లేమో నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయారు.

పాట అయిపోయింది. ధ్వాలి పలకలేదు. కళ్లు మూసుకుని ఉంది, పెదవి కదలడం లేదు.

ఈ మౌనం కోసమే కదా నాయనమ్మ పెళ్లి కుదిర్చింది. గెలిచింది. కానీ ఆమె ముఖంలో గెలుపు లేదు, భయం ఉంది. చేతుల్లో ఉన్న ఆ పిడికెడు మనిషిని చిన్నగా కుదిపింది. "పాడవే," అంది. "ధ్వాలీ, జవాబు చెప్పవే." అప్పుడు మా నాయనమ్మ, మేమందరం చూస్తుండగా, ధ్వాలి తరఫున తనే ఎత్తుకుంది:

"ఈ కమ్లి కొడుకు బిచ్యా
కూరలో బిందెలతో నీళ్లు పోశాడే..."

మా నాన్న స్తంభం చాటుకు పోయాడు. రెండేళ్లు ఇంటి గుమ్మం దాటని గుట్టును కన్నతల్లే వియ్యాలవారి ముందు పాడేసింది. నాయనమ్మకు అదేం పట్టలేదు. ఊపిరి చాలక గొంతు బొంగురు పోతున్నా తన ఇంటి పరువు తనే తీసుకుంటోంది.

ధ్వాలి ఒక కన్ను తెరిచింది.

"గట్లనా పాడేది?" అంది విసుగ్గా. "ఆలోచన చేస్తున్న, జర ఆగరాదు? నా పాట నేను పాడుకుంట, నువ్వు ఊకో." తల తియ్యకుండానే, నాయనమ్మ నెత్తికి నెత్తి ఇంకా దగ్గరగా జరిపి రాగం తీసింది:

"మా కుక్క దండం పెట్టింది నిజమే, కమ్లీ,
వారం పాటు ఏడ్చింది కూడా నిజమే.
మీ కూరలో ఎముకలు చూసిందే,
తన మేనమామను గుర్తుపట్టిందే."

హాలు మొత్తం లేచి అరిచింది. నాయనమ్మ నోరు తెరిచింది, మూసింది. ఇన్నాళ్ల సాధన, ఇన్ని ఫోటోలు, ఇంత పెళ్లి ఖర్చు, అంతా పోయి మళ్లీ ఓడిపోయింది. ఆమెను అంత సంతోషంగా నేను ఎన్నడూ చూడలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, బోసినోరు చెవులదాకా సాగింది. ధ్వాలిని వదలకుండా అలాగే పట్టుకుని, ఆమె నెత్తిలోకి అంది.

"ఇంకోటి పాడవే."