గుట్ట మీద పరిచిన నీడ

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సినవాళ్లం పనుల్లో పడిపోయాం. ఇప్పుడైనా వినండి.

ఊరి చివర ఒక బోడిగుట్ట. దాని మీద చెట్లు పెంచడం ఒకావిడ ఉద్యోగం. వీధిలో అందరూ ఆమెను మొక్కలమ్మ అనేవారు. తెల్లారగానే గింజల సంచి భుజాన వేసుకుని గుట్టెక్కేది. బట్టబయలున వేసిన గింజ మొలిచినా రెండాకులు విప్పేలోపే మాడిపోయేది. అందుకని ముళ్లపొదల మొదట్లో వేసేది. పొద నీడన చెమ్మ తొందరగా ఆరదు, రాలిన ఆకు పరుపవుతుంది, మేకలు ముళ్లలో మూతి పెట్టవు. ఆ ఏడాది పొదల కింద మొక్కలు జానెడెత్తు లేచాయి.

పురిట్లోనే తల్లి పోతే మొక్కలమ్మను పెంచింది వదిన. వదిన నీడ పెద్దది, చల్లనిది. పొద్దు ఎటున్నా ఆవిడ ఎటు పరిస్తే అటు పరుచుకునేది. కూరలతను రోజూ బుట్ట తెచ్చి ఆ నీడలో పెట్టుకునేవాడు.

"అక్కా, కాస్త ఇటు జరుపు. ఆకుకూర వాడిపోతోంది."

"నువ్వు తెచ్చేటప్పటికే వాడింది. నా నీడ మీద పెడతావేం?"

వదిన నోటికి అదుపు లేదు. ఎంతటివాళ్లనైనా అనేసేది.

ఇంతలో గుట్టను చూడటానికి పెద్దాఫీసరు వస్తున్నాడని కబురు. మొక్కలు నచ్చితే సరే, లేకపోతే గుట్టను రాళ్లు కొట్టేవాళ్లకు ఇచ్చేస్తారట.

ముందురోజు మొక్కలమ్మ పొదలవైపు చూసింది. అంతా ముళ్లూ, చిక్కూ. లోపలి మొక్క కంటికే ఆనదు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? పొదలు ఎందుకున్నాయో ఆమెకు తెలుసు. తెలిసీ కూలీల చేత మొదలంటా కొట్టించేసింది.

ఆ ఊపులోనే ఇంటికొచ్చి, "వదినా, ఆయన మనింట్లో కాఫీకి ఆగుతాడు. కాసేపు వెనక గదిలో ఉండవూ?" అంది.

వదిన చేతిలో చీపురు ఆగింది. "ఉంటాలే. గడియ నువ్వు పెడతావా, నన్నే పెట్టుకోమంటావా?"

పెద్దాఫీసరు ఆ రోజు రాలేదు. వారం పోయాక వస్తానన్నాడు. ఎండ మాత్రం వచ్చింది. మొక్కలు తలలు వేలాడేశాయి. బిందెలతో పోసిన నీళ్లు పోసినట్టే ఇగిరిపోయాయి.

మొక్కలమ్మ వెనక గది గుమ్మంలో నిలబడింది. వదిన ఇంకా అందులోనే ఉంది. ముఖం చూడటానికి మొక్కలమ్మకు ధైర్యం చాలలేదు.

"పొదలు కొట్టించేశాను వదినా."

"తెలుసు. ఆ ముళ్లకంప అంతా మన పెరట్లోనే పడేశారుగా."

"సిగ్గుగా ఉంది."

"సిగ్గుపడేగా కొట్టించావు? ఇంకా ఎంత పడతావే? నా చెప్పులెక్కడ?"

ఆయాసపడుతూ గుట్టెక్కింది వదిన. మడమల దగ్గర వంగి, తడిబట్ట విప్పినట్టు నీడను విప్పి, ఒకసారి దులిపి, వాలు మీద పరిచింది. అది అట్టడుగు మొక్క దాకా కప్పేసింది.

"మళ్లీ తీసుకుంటావుగా?" అంది వెంట వచ్చిన మొక్కలమ్మ.

"నిన్ను పెంచేటప్పుడు మధ్యలో తీసుకున్నానా?"

పెద్దాఫీసరు వచ్చాడు. తేరుకున్న మొక్కలను చూశాడు. బూట్లు విప్పి చల్లగా కూర్చుని, "ఈ నీడ ఎవరిది?" అన్నాడు.

"మా వదినది. ఈవిడే," అంది మొక్కలమ్మ.

"ఇక్కడ కూర్చున్నారు సరే, కాళ్లు కాస్త అటు తీయండి, మొక్క ఉంది," అంది వదిన. ఆయన కాళ్లు తీశాడు. గుట్ట మిగిలింది.

మొక్కలు చెట్లయ్యాయి. కూరలతను గొడుగు కొనుక్కున్నాడు. వదిన మాత్రం ఎప్పటికీ నీడ లేకుండానే తిరిగింది. ఆవిడ వీధిలోకి వస్తే మొక్కలమ్మ ఎండ పడే పక్కకు చేరి నడిచేది.

"అంత దగ్గరగా రాకే, కాలు తొక్కుతావు," అనేది వదిన.

మొక్కలమ్మ నీడ చిన్నది. ఎంత ఒరిగి నడిచినా వదిన భుజం ఒక్కటే కప్పేది. మిగతా ఒళ్లంతా ఎండలోనే.

పిల్లలూ, రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. చెట్ల గురించి చెప్పి ఊరుకోకండి. వెనక గది సంగతి కూడా చెప్పండి.