ఆషాఢంలో శ్రావణం

జగదీశ్వర్ ముఖం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ముందే చెబుతున్నాను, నేను చెప్పేదాంట్లో ఆయన మీద జాలి వెతకొద్దు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన మా వెంచర్ ఆఫీసు. ప్లాట్లు అమ్మే పని నాది, లెక్కలూ అంచనాలూ ఆయనవి. యజమాని రామచంద్రయ్య గారు తన పొలాన్నే ప్లాట్లుగా వేశారు. ఉగాది ముందు ఆయన బడ్జెట్ అంచనాల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఏడాదిని పీరియడ్లుగా విడగొట్టి, ఏ పీరియడ్‌లో ఎన్ని బుకింగులు రావాలో ముందే అందులో పెట్టాలి. గడువు చివరి రోజుకు సగమైనా రాకపోతే తెర మీద ఆ పీరియడ్ గడి ఎర్రబడుతుంది.

"గడి ఎర్రగైతె మనిషిని మార్చుడే" అని రామచంద్రయ్య గారు అందరి ముందూ అన్నారు. అమ్మే మనిషిని నేనొక్కదాన్నే. యాచారంలో మా భూమి పోయాక ఇంట్లోకి నెలనెలా వచ్చేది నా జీతమే.

ఉగాదికి పీరియడ్లు పెట్టే రోజు నేను జగదీశ్వర్ కుర్చీ పక్కనే నిలబడ్డాను. ఆయన పోయినేటి తేదీలను ఉన్నవి ఉన్నట్టు ఈ ఏటికి దించేశాడు. జులై ఇరవై అయిదు నుంచి ఆగస్టు పది దాకా ఉన్న పీరియడ్‌కు అన్నిటికన్నా పెద్ద అంకె పెట్టాడు. పోయినేడు ఆ రోజుల్లో శ్రావణం, జనం ఎగబడి కొన్నారు.

"సార్, ఈ యేడు అధిక మాసమున్నది. జ్యేష్ఠం రెండుసార్లొస్తది, శ్రావణం ఆలస్యమైతది. గా రోజులన్ని ఆషాఢమే" అన్నాను.

"కంప్యూటర్‌కు ఆషాఢం ఎర్కనా? నీ పని నువ్వు చూస్కో."

"కంప్యూటర్‌కు ఎర్క లేదు. మీకు ఎర్కే గద?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వుతోనే నాకు అర్థమైంది, ఇది తెలియక చేస్తున్న తప్పు కాదని. ఆయన బామ్మర్ది అక్షయ్ డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్నాడు. వాడికి నా కుర్చీ కావాలి. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. ఆ పేరు జగదీశ్వర్ నాకు ఉగాదికే పెట్టేశాడు. తేదీలు మార్చాలంటే ఆయన పాస్‌వర్డే కావాలి. యజమానికి చెబుదామని పోతే, "గవన్ని జగదీశ్వర్ చూస్తడు బిడ్డా" అని పంపించేశారు. ఆయన మీదా కోపమొచ్చింది.

ఆషాఢం రానే వచ్చింది. నాదర్‌గుల్ నుంచి ఒక జంట మూడుసార్లు వచ్చారు. వాళ్లకు ఈశాన్యం మూల ప్లాటు మీద మనసు. ఆ ప్లాటును జగదీశ్వర్ ఉగాది నుంచీ తన కోసం ఆపి పెట్టుకున్నాడు, పైసా కట్టకుండా. పోనీ ఇంకోటి చూసుకొని బయానా ఇవ్వండని అడిగితే, ఆ భార్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఆషాఢంల ఎవలన్న బయానా ఇస్తరా అక్కా? జర శ్రావణం రానియ్యి."

ఆగస్టు పదిన రామచంద్రయ్య గారు మమ్మల్నిద్దరినీ పిలిచారు. ఆయన బల్ల మీద కంప్యూటర్‌లో గడి ఎర్రగా ఉంది.

"చూడుండ్రి సార్, ఒక్క బుకింగ్ లేదు" అన్నాడు జగదీశ్వర్. "ఉమారాణితోని అయితలేదు. మన అక్షయ్ ఉన్నడు, చురుకైనోడు."

బుకింగ్ ఫారం తీసి జగదీశ్వర్ ముందు పెట్టాను.

"పీరియడ్ ఇయ్యాల్టి దాంక ఉన్నది సార్. మీరు ఆపుకున్న మూల ప్లాటుకు ఇప్పుడే బయానా కట్టి సంతకం పెట్టుండ్రి. ఒక్కటన్న వచ్చినట్టైతది."

"గది తర్వాత చూద్దాం."

"ఎందుకు? ఇష్టం లేకపోతె చెప్పుండ్రి, అడిగినోళ్లకిస్త."

"పెట్టరాదు జగదీశ్వర్, నువ్వు తీస్కునేదే గద?" అన్నారు రామచంద్రయ్య గారు.

జగదీశ్వర్ మింగలేక కక్కలేక కూర్చున్నాడు. పెన్ను పట్టుకున్నాడు, మళ్లీ కింద పెట్టాడు.

"ఆషాఢం గద సార్. ఇంట్ల ఊకుంటరా? మూడొద్దులైతె శ్రావణమే, అప్పుడు..."

రామచంద్రయ్య గారు ఎర్ర గడిని చూశారు. తర్వాత జగదీశ్వర్‌ను చూశారు.

"నువ్వు కొననీకి ఆషాఢమున్నది. ఆమె అమ్మనీకి లేదా?"

జగదీశ్వర్ ఫారాన్ని పక్కకు జరిపాడు.

"నేను గా దినమే చెప్పిన సార్. ఇనలేదు" అన్నాను. నా గొంతు పెద్దదైంది, తగ్గించలేదు.

"తేదీలు మార్చు. నా ముంగట్నే మార్చు" అన్నారాయన జగదీశ్వర్‌తో.

ఉగాదికి నిలబడ్డట్టే ఆయన పక్కన నిలబడ్డాను. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. ఆషాఢానికి అంచనా ఎంత పెట్టాలని నన్ను అడగలేక ఆగాడు. "సున్నా పెట్టుండ్రి" అన్నాను. నన్ను నమిలేసేలా చూసి, పెట్టాడు. పెద్ద అంకె శ్రావణానికి జరిగింది.

"మూల ప్లాటు సంగతేంది సార్?" అని వెళ్లబోతూ రామచంద్రయ్య గారిని అడిగాను.

"ఎవలు ముందుగాల బయానా కడితె వాళ్లదే. ఆపుడు గీపుడు లేదు."

ఆ సాయంత్రమే నాదర్‌గుల్‌కు ఫోన్ చేశాను.

శ్రావణం మొదటి రోజు జగదీశ్వర్ పట్టు చొక్కా వేసుకొని, బొట్టు పెట్టుకొని, ముహూర్తం చూసుకొని ఆఫీసుకు వచ్చాడు. నాదర్‌గుల్ వాళ్ల ముహూర్తం ఆయన ముహూర్తం కన్నా గంట ముందుంది. వాళ్లు అప్పటికే బయానా కట్టి, స్వీట్ డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

బుకింగులను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే పని లెక్కల మనిషిదే. మూల ప్లాటు ఫారం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను, పక్కనే ఒక స్వీటు కూడా పెట్టాను.